మూడు నానోమీటర్లు

సరిగ్గా ఇంకో గంటలో మా బావ పరువు నా చేతుల మీదుగా పోబోతోంది. చొక్కా జేబులో కవరు ఉంది, అందులో ఒకే ఒక్క కాగితం, దాని కింద నా సంతకం. ప్యాంటు జేబులో చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో మూడు నానోమీటర్ల ఫిల్టరు. హాలు గోడ మీద గడియారం నాలుగు కొట్టింది. మా ఖగోళ సంఘం అధ్యక్షుడు రిటైరైన స్టేషన్ మాస్టరు, ఆయన ఐదన్నాడంటే నాలుగు యాభై తొమ్మిదీ కాదు, ఐదూ ఒకటీ కాదు. ఐదింటికి నన్ను పిలుస్తాడు. నేను వేదిక ఎక్కుతాను, కవరు చింపుతాను, "అక్కడ ఏమీ లేదు" అని చదువుతాను. మూడే మాటలు. మా బావ పదకొండు నెలలుగా పెంచి పోషించిన ఆకాశపు వంకీ ఆ మూడు మాటలతో పిప్పిపన్నులా ఊడి చేతిలోకి వస్తుంది. ఆయన వృత్తికి తగ్గ ముగింపే. పళ్ళ డాక్టరు కదా.

అదిగో, ముందు వరుసలో నిలబడి ఇకిలిస్తున్నాడు. కొత్త కోటు వేసుకున్నాడు. ఆ పలువరుసే ఆయన సైన్‌బోర్డు, అందుకే నవ్వడం ఎప్పుడూ ఆపడు, పరామర్శకి వెళ్ళినా పళ్ళు కనబడేలాగే బాధపడతాడు. చుట్టూ మూగిన వాళ్ళని చూస్తే ఇంకా ఒళ్ళు మండుతోంది. ఆ ఎర్ర చొక్కావాడి ఇంట్లో టెలిస్కోపు మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటారు, నా కళ్ళతో చూశాను. పక్కన సన్నగా ఉన్నవాడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, ఆ ఫోన్‌తోనే చందమామని తీసి గుండ్రంగా వచ్చిందని మిఠాయి పంచాడు. వీళ్ళకి ఆకాశం అంటే గోడకి తగిలించుకునే క్యాలెండరు. అందులో రంగులు ఎక్కడి నుంచి వచ్చాయో ఒక్కడికీ తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి వెనక వరుసలో ఒంటరిగా కూర్చున్నాను, నా పక్కన నాలుగు కుర్చీలు ఖాళీ.

ఎన్నిసార్లు చెప్పలేదు వీళ్ళకి. నక్షత్రాల మధ్య వాయువు మేఘాలు మెరుస్తాయి, కానీ అన్ని రంగుల్లోనూ కాదు, హైడ్రోజన్‌ది ఒక ఎరుపు గీత, ఆక్సిజన్‌ది ఒక నీలాకుపచ్చ గీత, వెంట్రుకంత సన్నం. ఆ గీతని మాత్రం లోపలికి వదిలి, వీధి దీపాల్నీ చందమామనీ పక్కింటివాడి వసారా బల్బునీ గుమ్మం బయటే నిలబెట్టే అద్దం ఫిల్టరు. ఎంత సన్నగా వదిలితే అంత మంచిది. నాది మూడు నానోమీటర్లు. బావది పన్నెండు. పన్నెండంటే ఫిల్టరు కాదు, దోమతెర చిరిగిన కిటికీ. అందులోంచి దొరికిందల్లా దూరుతుంది, కాస్త కాంతి గల నక్షత్రం ఉంటే దాని ప్రతిబింబం అద్దాల మధ్య అటూ ఇటూ తగిలి ఫొటోలో వృత్తంలా పడుతుంది. మా భాషలో దాన్ని దయ్యం అంటాం. బావ పట్టుకున్నది సరిగ్గా అదే, హంస మండలంలో ఒక మామూలు నక్షత్రం పక్కన వంకీ తిరిగిన మసక గీత. దయ్యాన్ని పట్టుకొచ్చి కొత్త ఆక్సిజన్ మేఘం అంటాడు. "కెమెరా తిప్పి తీసినా అది అక్కడే ఉంటోంది బావమరిదీ" అన్నాడు ఫోన్లో, నాకు పాఠం చెబుతున్నట్టు. నాకు! టెలిస్కోపు మూత తీయకుండా అరగంట నక్షత్రాల కోసం వెతికినవాడు!

సంఘంలో ఒక పద్ధతి ఉంది, నేను పెట్టించిందే. ఎవరైనా ఆకాశంలో కొత్తది చూశామంటే, ఇంకొకరు వేరే టెలిస్కోపుతో చూసి ఔననాలి. ఆ ఇంకొకరు పన్నెండేళ్ళుగా నేనే. నా వెనక నన్ను జల్లెడ మాస్టారని పిలుస్తారని తెలుసు, పిలవనీ, జల్లెడ లేకపోతే రాళ్ళన్నీ అన్నంలోకే వస్తాయి. ఈ రెండున్నరేళ్ళలో బావ కాక తొమ్మిదిమంది తొమ్మిది ఆక్సిజన్ మేఘాలు తెచ్చారు. తొమ్మిదింటికీ అవే మూడు మాటలు రాశాను. ఊరికే రాయలేదు. రెండున్నరేళ్ళ కిందట కొత్త టెలిస్కోపు కొన్నాను, పొట్టిగా, లావుగా, నోరు తెరిచిన కుండలా ఉంటుంది. కెమెరా వెనక కాదు, నోటి మధ్యలోనే కూర్చుంటుంది. పాత పొడుగు గొట్టంతో పన్నెండు గంటలు పట్టే పని దీంతో ఒక్క గంట. ఆ కెమెరా ముందు నా పాత మూడు నానోమీటర్ల ఫిల్టరు. బావ చూపించిన చోట అరవై గంటలు తీశాను. నున్నటి నల్లటి పలక. ఆక్సిజన్ ఉంటే ఆ ఫిల్టరులో పడి తీరాలి. పడలేదు. లేదు కాబట్టి పడలేదు.

ఆ చోటు నాకు కొత్త కాదు, అదే ఇంకా నవ్వొచ్చే సంగతి. రెండేళ్ళ కిందట మా వీధి టైలరు కూడా సరిగ్గా అక్కడే, అదే వంకీ చూశానన్నాడు. నా కళ్ళద్దాల షాపుకి వచ్చాడు, చెవి మీద పెన్సిలుతో, మెడలో టేపుతో, బట్టల సంచీలో మడత పడకుండా ఫొటో పెట్టుకుని. నలుగురు కస్టమర్లున్నారు. నేను ఇరవై గంటలు తీసి, ఏమీ లేదని ముందే రాసి పెట్టాను. కాగితం చదివాడు, తలూపాడు, అయినా వెళ్ళలేదు.

"ఒక్క మాటండీ మాస్టారూ. మీ కొత్త టెలిస్కోపు పొట్టిది, నోరు పెద్దది కదండీ. వెలుగు బాగా ఏటవాలుగా వచ్చి పడుతుంది. గుడ్డని ఏటవాలుగా కత్తిరిస్తే సాగిపోతుంది. మరి మీ ఫిల్టరు కూడా అలా ఏమైనా..."

"నువ్వెళ్ళి కాజాలు కుట్టుకో నాయనా. ఇది ఫిజిక్సు."

షాపులో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, మర్యాదకి. మూడు నెలలకి టెలిస్కోపు అమ్మేశాడని విన్నాను, ఎవరికో ఏమో, నేను అడగలేదు. మిషన్ తొక్కుకునేవాడికి మేఘాలెందుకు అనుకున్నాను. ఇప్పుడు బావ చూశాననగానే నా నమ్మకం ఇంకా గట్టిపడింది. ఇద్దరు వెర్రివాళ్ళు ఒకే నక్షత్రం దగ్గర ఒకే దయ్యాన్ని చూశారు, అంటే దయ్యం ఆ నక్షత్రానిదే. కాగితంలో ఆ వాక్యం కూడా రాశాను, మంచి వాక్యం, చదివేటప్పుడు అక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆగి బావ వైపు చూడాలి.

నిజం చెప్పాలంటే ఆకాశమే చెడిపోయింది. ఈ రెండేళ్ళుగా నా ఆక్సిజన్ ఫొటోలన్నీ నీరసంగా వస్తున్నాయి, పెద్ద పెద్ద మేఘాలు కూడా జ్వరం తగిలి లేచినట్టు పాలిపోయి కనబడుతున్నాయి. కొత్త దీపాలు, దుమ్ము, మనుషులు. పక్కింటివాడి వసారా బల్బు కోసం పోట్లాడాను, వాడి పెళ్ళాం నన్ను చూస్తే ఇప్పటికీ తలుపు వేసుకుంటుంది. ఎదురు స్కూలు వాచ్‌మన్‌ని దీపం ఆర్పమని సతాయించి సతాయించి చివరికి వాణ్ణి వేరే చోటికి మార్పించాను. అయినా ఫొటోలు మెరుగుపడలేదు. ఇలాంటి మనుషుల మధ్య బతుకుతూ ఆకాశాన్ని తీయాలంటే ఎక్కడ కుదురుతుంది.

గడియారం నాలుగున్నర. అక్క వచ్చింది. నా పక్క ఖాళీ కుర్చీలో కూలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. బావ భార్య ముందు వరుసలో కూర్చోవాలి, కానీ ఆవిడ ముందు నాకు అక్క, ఆ తరవాతే ఎవరికైనా ఏమైనా. నా కాగితంలో ఏముందో ఆవిడకి తెలియదు. అడగలేదు కూడా.

"మీ బావ రాత్రంతా నిద్రపోలేదురా. ఏదో స్లైడు మార్చడం, మళ్ళీ మార్చడం. అక్షరం పెద్దది చేయాలా చిన్నది చేయాలా అని నన్ను లేపాడు."

"పళ్ళు పీకేటప్పుడు కూడా ఇలాగే లేపుతాడా అక్కా?"

"నోర్మూసుకో. నీ నోటికి ఆయన దగ్గరా మందు లేదు." కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది, మళ్ళీ తీసింది. "ఒరే, నువ్వు చేసిచ్చిన ఈ అద్దాలేంట్రా, నిన్నటి నుంచి అక్షరాలు ఈదుతున్నాయి. కొత్తవి కదా, నంబరు తప్పిచ్చావా?"

చేతిలోకి తీసుకున్నాను. నంబరు తప్పివ్వడం నేనెరగను. ఫ్రేము వంగింది, ఒకవైపు కిందికి వాలిపోయింది, వీటితోనే పడుకుని నవల చదివి ఉంటుంది. రెండు బొటనవేళ్ళతో నొక్కి సరిచేస్తూ, రోజుకి ఇరవైమందికి చెప్పే మాట, నిద్రలో లేపినా తడబడకుండా చెప్పే మాట, చెప్పేశాను.

"అద్దం బాగానే ఉందక్కా. వాలిపోయింది, అంతే. అద్దం వాలితే నంబరే మారిపోతుంది. వెలుగు నిటారుగా పడాలి. ఏటవాలుగా పడితే అద్దం అదే, పని అది కాదు."

"ఆహా, ఇప్పుడు బావుంది" అంటోంది అక్క. గోడ మీద ఏదో బోర్డు చదువుతోంది, చెప్పులు బయట విడువవలెను, అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆనందంగా. నేను వినడం లేదు. నా నోట్లోంచి వచ్చిన మాట నా చెవుల్లోనే ఆగిపోయింది. ఏటవాలుగా పడితే. అద్దం అదే. పని అది కాదు. చెవి మీద పెన్సిలు, మెడలో టేపు. మరి మీ ఫిల్టరు కూడా అలా ఏమైనా. లేదు. ఇది కళ్ళద్దం కాదు, ఇది వేరు, ఇది పూత మీద పూత వేసిన అద్దం, వెంట్రుకలో వెయ్యో వంతు మందాన పొరలు, వెలుగు ఆ పొరల్లో ఎంత దూరం నడిస్తే ఆ రంగు... ఎంత దూరం నడిస్తే. వాలుగా నడిస్తే దూరం మారదూ? చెయ్యి దానంతట అదే జేబులోకి వెళ్ళింది. డబ్బా తెరిచాను. కిటికీ వైపు ఫిల్టరు ఎత్తాను, నిటారుగా. నీలాకుపచ్చ, లోతు నీళ్ళ రంగు, రెండు వేళ్ళ మధ్య చిన్న చెరువు. కొంచెం వంచాను. నీలం. ఇంకొంచెం. ఇంకా నీలం. మళ్ళీ నిటారుగా పట్టాను, ఆకుపచ్చ తిరిగొచ్చింది. మళ్ళీ వంచాను.

పన్నెండేళ్ళుగా ఈ అద్దాన్ని చేత్తో పట్టుకుంటున్నాను, గ్లవ్స్ వేసుకుని, ఊపిరి తగలకుండా, పసిపిల్లని ఎత్తుకున్నట్టు. ఒక్కసారి కూడా వంచి చూడలేదు.

పాత పొడుగు గొట్టంలో వెలుగు దాదాపు నిటారుగా వచ్చేది, గీత సరిగ్గా గుమ్మంలో పడేది. కొత్త కుండలో నోటి అంచుల నుంచి వాలుగా దూసుకొస్తుంది, నిటారుగా రావలసిన కాస్త వెలుగుకి కెమెరాయే అడ్డం కూర్చుంది. వాలు వెలుగుకి నా ఫిల్టరు గుమ్మం రెండు మూడు నానోమీటర్లు పక్కకి జరిగిపోతుంది. గుమ్మం వెడల్పే మూడు. ఆక్సిజన్ వచ్చి తలుపు కొట్టింది, గోడకి తగిలి వెళ్ళిపోయింది, అరవై గంటల సేపు. బావ దోమతెర పన్నెండు, అది జరిగినా గీత లోపలే ఉంటుంది, పైగా ఆయన దగ్గరున్నది ఎక్కడో సెకండ్ హ్యాండులో కొన్న పొడుగు గొట్టం. ఆకాశం చెడిపోలేదు. పక్కింటివాడి బల్బు పాపం ఏమీ చేయలేదు. వాచ్‌మన్ ఇప్పుడు ఎక్కడున్నాడో. కుండతో తీసిన ఆక్సిజన్ ఫొటోల్లో నేను చూపించగలిగేది ఒక్కటే, నేను పెట్టిన గోడ.

నాలుగు నలభై రెండు. ఎవరికి తెలుసు? హాల్లో ఎనభైమంది, తువ్వాళ్ళు ఆరేసేవాళ్ళు, మిఠాయిలు పంచేవాళ్ళు, ఒక్కడికైనా ఈ లెక్క వస్తుందా? రాదు. కవరు చింపుతాను, చదువుతాను, కూర్చుంటాను. బావ ఇంటికెళ్ళి కోటు విప్పి తగిలిస్తాడు, రేపు ఎవరివో దవడ పళ్ళు పీకుతాడు. అంతే కదా. వంకీ ఎక్కడికీ పోదు, ఎవడో ఇంకొకడు పదేళ్ళకి చూస్తాడు. ఆ పదేళ్ళూ నా మూడు మాటలు అలాగే ఉంటాయి. ఛీ. ఈ ఛీ ఎవరిని అన్నానో తెలుస్తోంది, అదే విచిత్రం. ఎర్ర చొక్కావాడి తువ్వాళ్ళు ఎవరినీ ముంచలేదు. సెల్‌ఫోన్లవాడు చందమామ గుండ్రంగా ఉందన్నాడు, నిజమే, గుండ్రంగానే ఉంటుంది.

అయినా బావ ముందు తల వంచాలా? ఆ పళ్ళ ముందు? జీవితాంతం ఇంటి ఫంక్షన్లలో "ఏం బావమరిదీ, వంచి చూశావా" అని భుజం తడతాడు. అక్కడే మెరిసింది నాకు. దారి ఉంది. మంచి దారి. వంకీ ఉందని చెబుతాను, కానీ అది బావది కాదని చెబుతాను. రెండేళ్ళ ముందే చూసింది టైలరు. కాగితం సంఘం ఫైల్లో ఉంది, తేదీతో సహా. మొదట చూసినవాడిదే పేరు, అదీ మా పద్ధతే. నేను నిజమూ చెప్పినట్టుంటుంది, బావ కోటూ నలిగినట్టుంటుంది. న్యాయం చేస్తూనే ఒకడి ముఖం మాడ్చగలిగితే అంతకన్నా ఏం కావాలి? ఫిల్టరు డబ్బాలో పెట్టాను. అక్క నా వైపు చూసింది.

"చెమటలు పడుతున్నాయేంట్రా?"

"ఫ్యాను లేదక్కా."

ఫ్యాను మా నెత్తి మీదే తిరుగుతోంది. ఆవిడ పైకి చూసింది, నన్ను చూసింది.

ఐదు. "కళ్ళద్దాల మాస్టారు గారు ప్లాట్‌ఫారం మీదికి రావాలి" అన్నాడు స్టేషన్ మాస్టరు, ఏడాదికోసారి ఆయన వేసే జోకు అదే, ఏడాదికోసారి అందరూ నవ్వుతారు. నడిచాను. ఎనభై జతల కళ్ళు, అందులో సగం జతలకి అద్దాలు నేనే ఇచ్చాను. మెట్లెక్కాను. బావ ల్యాప్‌టాప్ దగ్గర నిలబడి ఉన్నాడు, మొదటిసారి నవ్వడం లేదు, పెదాలు మూసుకుంటే ఆయన ముఖం వేరే ఎవరిదోలా ఉంది. మైకు పట్టుకున్నాను. కవరు తీయలేదు. "ఈ వంకీని మొట్టమొదట చూసింది మా బావ కాదు" అన్నాను, గట్టిగా, ఒక్కో మాటా మేకు కొట్టినట్టు.

వెనక తెర వెలిగింది. హాలంతా తెర వైపు చూస్తోంది, నేనూ తిరిగాను. నల్లటి ఆకాశం, నక్షత్రం, పక్కనే పలచగా, నీలాకుపచ్చగా, వంకీ. ఎంత పలచగా ఉందంటే ఊపిరి వదిలితే చెదిరిపోయేలా ఉంది. కింద రెండు వరుసలు. మొదటి వరుసలో టైలరు పేరు, పెద్ద అక్షరాల్లో. రెండో వరుసలో బావ పేరు, చిన్న అక్షరాల్లో.

"అదే కదా నేనూ చెప్పబోయేది" అన్నాడు బావ మెల్లగా, మైకుకి దూరంగా, నాకు మాత్రమే వినబడేలా. "టెలిస్కోపు, ఫిల్టరు, చూడాల్సిన చోటు, మూడూ ఆయనే ఇచ్చాడురా. పన్ను కట్టించుకోవడానికి వచ్చి అమ్మకానికి పెట్టానన్నాడు. నేను కొన్నాను. నువ్వు కాదన్న సంగతి కూడా చెప్పాడు. నీ మీద ఒక్క మాట పడనివ్వలేదు. మాస్టారు అంతకన్నా బాగా చూడగలరు, ఏదో అడ్డం వచ్చిందంతే అన్నాడు."

ముందు వరుస చివర, గోడ పక్క కుర్చీలో, టైలరు. చెవి మీద పెన్సిలు ఇవాళ కూడా ఉంది. నేను నా గొడవలో వెనక నుంచి ఆ తల గమనించనే లేదు. అతను నన్ను చూస్తున్న చూపులో గెలుపు లేదు, కొలత తీసుకునే చూపు, ఈ భుజం కాస్త దించాలి, ఇక్కడ కాస్త వదలాలి అన్నట్టు. నా చేతిలో ఇక మిగిలిందేమీ లేదు. బావని పొడవడానికి దాచుకున్న కత్తి ఆయనే ముందుగా బల్ల మీద పెట్టేశాడు. ఇక మిగిలింది నా మీద తిరిగేదే.

"నాకు అరవై గంటల్లో ఇది కనబడలేదు" అన్నాను. "కనబడకపోవడం దీని తప్పు కాదు. నా ఫిల్టరు పొడుగు టెలిస్కోపుది. పొట్టిదానికి తగిలించాను. వెలుగు వాలుగా పడితే అది ఈ గీతని లోపలికి వదలదు. రెండేళ్ళ కిందట టైలరు గారు మా షాపులో ఇదే అడిగారు. నేను ఆయన్ని కాజాలు కుట్టుకోమన్నాను."

ఎవరూ నవ్వలేదు. ఈసారి నవ్వితే బాగుండేది. స్టేషన్ మాస్టరు గడియారం చూసుకున్నాడు, ఆయనకి బండి ఏ లైను మీద ఉందో తేలాలి.

"అయితే మాస్టారూ, ఉన్నట్టా, లేనట్టా?"

"ఉంది."

ఆయన రాసుకున్నాడు. తరవాత మధ్య వరుసలోంచి సెల్‌ఫోన్లవాడు లేచాడు, అదేదో తప్పు చేసినవాడిలా. "మాస్టారూ, మరి నాది? పోయినేడు నేనొకటి తెచ్చాను. మీరు ఏమీ లేదని రాశారు." నాకు గుర్తుంది. నవ్వుకుంటూ రాశాను. ఎర్ర చొక్కావాడు కూర్చునే చెయ్యెత్తాడు. కిటికీ దగ్గర ఇంకో చెయ్యి. వెనక ఇంకొకటి, ఆ అమ్మాయి లెక్కల టీచరు, ఆ రోజు ఏడుస్తూ వెళ్ళింది. మొత్తం ఆరు చేతులు, టైలరు ఎత్తకపోయినా ఆయనతో ఏడు. ఇంకా ఇద్దరుండాలి, వాళ్ళు సంఘమే మానేశారు, ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాలి. కవరు చింపాను. కాగితం తిరగేశాను, వెనక వైపు ఖాళీగా ఉంది. జేబులు తడుముకున్నాను, పెన్ను లేదు, ఇవాళ రాయాల్సిన పని ఉంటుందని నేను అనుకోలేదు. టైలరు లేచి మెట్ల దాకా వచ్చాడు. చెవి మీద పెన్సిలు తీసి, మొన వైపు తన దగ్గరే ఉంచుకుని, కత్తెర అందించినట్టు జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు.

"చెప్పు" అన్నాను సెల్‌ఫోన్లవాడితో. మళ్ళీ సర్దుకున్నాను. "చెప్పండి. మీది ఆకాశంలో ఏ వైపు?"